కుందేలు కడుపులో కార్ఖానా

పిల్లలూ! కుందేలు ఏం తింటుంది?

ఈ ప్రశ్న నేను మా నారాయణగూడ వీధిలో ఆడుకునే పదిమంది పిల్లలను అడిగాను. తొమ్మిదిమంది ఒక్క గొంతుతో, "క్యారెట్టు!" అన్నారు. పదోవాడు కాస్త ఆలోచించి, "క్యాబేజీ కూడా," అన్నాడు. మీరూ అలాగే అనుకుంటున్నారు కదూ? ముప్ఫయ్యయిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేను కూడా, కిందటి సంవత్సరం దాకా, ఎవరైనా అడిగితే ఆ జవాబే చెప్పి ఉండేవాణ్ణి. అది తప్పు జవాబని నాకు తెలిసేసరికి మా ఇంట్లో ఒక చిన్న ప్రాణం పోయినంత పనయింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా మనుమరాలికి తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు బంధువులు ఒక తెల్ల కుందేలును బహుమతిగా ఇచ్చారు. దూదిపింజెలాగా ఉన్నదని మా పిల్ల దానికి "దూది" అని పేరు పెట్టింది. ఇక చూడండి, ఇంటిల్లిపాదికీ దానిమీదే ముద్దు! నాయనమ్మ పూజ కాగానే అరటిపండు ముక్క పెట్టేది. మా కోడలు చపాతీ అంచు తుంచి వేసేది. నేను సాయంత్రం టీతోబాటు తినే బిస్కత్తులో సగం దానిదే. దూది దేన్నీ కాదనలేదు. "ఎంత చక్కగా తింటున్నదో!" అని మేమంతా మురిసిపోయాం. గడ్డి సంగతి మాత్రం ఎవరికీ తోచలేదు. మూడో అంతస్తు వాటాలో గడ్డి ఎక్కడినుంచి వస్తుంది?

వినాయకచవితి వచ్చింది. ఆనాడు మా మనుమరాలు దూదికి కూడా పండుగ చేయాలనుకొని గుప్పెడు శనగ గుగ్గిళ్ళు, రెండు ఉండ్రాళ్ళు, బెల్లం వేసిన కుడుములో ఒక ముక్క పెట్టింది. దూది ఒక్కటి మిగల్చకుండా తిన్నది.

మర్నాడు సాయంత్రం పిల్ల చీపురు పట్టుకొని నా దగ్గరికి వచ్చి, "తాతయ్యా, దూది మూల ఊడ్వటానికి ఏమీ లేదు," అన్నది. రోజూ సాయంత్రం దూది పెంటికలు ఊడ్చి పారేయటం దాని పని. నేను నవ్వి, "మంచిదేగా! ఇవాళ నీకొక పని తప్పింది," అన్నాను. రాత్రి కొత్తిమీర పెట్టినా దూది మూతి తిప్పుకున్నది. "పండుగ తిండి కదా, అజీర్తి. కాసిని వాము నీళ్ళు పట్టండి, తెల్లవారేసరికి అదే సర్దుకుంటుంది," అని పెద్దరికంగా చెప్పి నేను పడుకున్నాను.

తెల్లవారి చూస్తే దూది ఒక మూల వీపు పైకెత్తి ముడుచుకొని కూచున్నది. కళ్ళు సగం మూతపడి ఉన్నవి. పళ్ళు కటకట కొరుకుతున్నది. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నవి. పొట్ట బిర్రుగా డోలులాగా బిగిసిపోయింది. మా మనుమరాలు దాన్ని తువ్వాలులో చుట్టి గుండెలకు హత్తుకున్నది. ఆటోలో పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాం.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసునా? "ఇది ఆఖరుసారి పెంటికలు వేసింది ఎప్పుడు?"

నేను నోరు తెరవలేదు. "మొన్న రాత్రి," అన్నది మా మనుమరాలు. "నిన్న సాయంత్రమే తాతయ్యకు చెప్పాను."

డాక్టరుగారు నావైపు చూసి, "మాస్టారూ, పిల్ల చెప్పినప్పుడే తీసుకురావలసింది. మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు," అన్నారు. బడిలో ఎన్నో వందలసార్లు "శ్రద్ధగా వినండి" అని పిల్లలతో అన్నవాణ్ణి, ఆనాడు తల దించుకున్నాను.

ఆయన ముందు ఎక్స్‌రే తీయించి, పేగులో ఏదీ అడ్డుపడలేదని నిశ్చయం చేసుకున్నారు. తర్వాత నొప్పి తగ్గటానికి ఒక ఇంజెక్షను ఇచ్చారు. చర్మం కిందికి సెలైను ఎక్కించారు. మూడు రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మూడో రోజు తెల్లవారుజామున మా మనుమరాలు కేకపెట్టింది. పరుగెత్తి వెళ్ళి చూశాం. నేలమీద మిరియం గింజంత పెంటిక ఒకటి! దాన్ని చూసి ఇల్లంతా పండుగ చేసుకున్నది.

ఇంతకూ దూదికి వచ్చిన జబ్బు ఏమిటి? మనం ఎంతో ఇష్టంగా తినే గుగ్గిళ్ళు దానికి ఎందుకు విషమైనవి? అది తెలియాలంటే కుందేలు కడుపులోకి ఒకసారి తొంగిచూడాలి.

గడ్డిలో చాలా భాగం పీచు. మనం గడ్డి తింటే అది మనకు అరగదు. ఆవుకు అరుగుతుంది. ఎంచేతంటే ఆవు పొట్టలో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురముంటవి. అవి గడ్డిని పులియబెట్టి మెత్తపరుస్తవి. ఆవు ఆ గడ్డిని మళ్ళీ నోట్లోకి తెచ్చుకొని తీరికగా నెమరువేస్తుంది. పులిసేటప్పుడు పుట్టిన గాలిని త్రేన్చి బయటికి పంపేస్తుంది.

కుందేలు కడుపులోనూ ఇలాంటి కార్ఖానా ఒకటి ఉన్నది. కాని అది ముందుభాగంలో లేదు, వెనకభాగంలో ఉన్నది. చిన్నపేగు పోయి పెద్దపేగులో కలిసేచోట ఒక పెద్ద సంచి ఉంటుంది. దానికి ఒక చివర దారి లేదు గనక దాన్ని అంధనాళం అంటారు. మనకు కూడా అంధనాళం ఉన్నది గాని బహు చిన్నది. కుందేలుకు మాత్రం జీర్ణాశయం కన్న ఎన్నో రెట్లు పెద్దది. పొట్టలో చాలాభాగం అదే ఆక్రమించుకుంటుంది.

ఈ కార్ఖానాలో పని ఎలా జరుగుతుందో చూడండి. కుందేలు తిన్న గడ్డి పెద్దపేగు చేరగానే అక్కడ జల్లెడ పట్టినట్టు రెండు భాగాలవుతుంది. ముతక పీచు ముందుకు సాగిపోయి గట్టి గుండ్రని పెంటికలుగా బయటికి వస్తుంది. మెత్తని నలుసు వెనక్కు మళ్ళి అంధనాళంలోకి పోతుంది. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి మాంసకృత్తులూ, బి విటమినులూ తయారుచేస్తవి. ఈ సరుకంతా చిన్న ద్రాక్షగుత్తిలాంటి మెత్తని ఉండలుగా బయటికి వస్తుంది. కుందేలు తల వంచి, వాటిని నేలమీద పడకుండానే నోటితో అందుకొని మింగేస్తుంది. ఛీ అనకండి! ఆవు నెమరువేయటం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఇది కుందేలు నెమరు అన్నమాట. సాధారణంగా రాత్రివేళా, తెల్లవారుజామునా జరుగుతుంది గనక కుందేళ్ళు పెంచేవారిలో కూడా చాలామంది దీన్ని చూసి ఉండరు. 1882లో మోరో అనే ఫ్రెంచి పశువైద్యుడు దీన్ని గురించి వ్రాశాడు.

ఈ కార్ఖానా సక్రమంగా నడవాలంటే రెండు కావాలి. ఒకటి, ముతక పీచు. పేగు ముడుచుకుంటూ, సాగుతూ తిండిని ముందుకు తోయటానికి పీచే ఆధారం. పీచు లేకపోతే పేగు బద్ధకిస్తుంది. రెండోది, సూక్ష్మజీవులకు అలవాటైన తిండి. పిండి, చక్కెర, బెల్లం, శనగలు అంధనాళంలోకి వచ్చిపడితే మంచి సూక్ష్మజీవులు వెనకబడి, చెడ్డవి ఒక్కసారిగా పెచ్చుపెరిగిపోతవి. గాలి పుడుతుంది. కుందేలు ఆవులాగా త్రేన్చలేదు. మనలాగా వాంతి చేసుకోనూ లేదు. దాని జీర్ణాశయం ద్వారం లోపలికే గాని బయటికి తెరుచుకోదు. గాలి పేగులను ఉబ్బిస్తుంది. ఉబ్బితే నొప్పి. నొప్పి పుడితే కుందేలు తినదు. తినకపోతే పేగు మరింత మందగిస్తుంది. పేగు మందగిస్తే ఇంకా గాలి! గానుగెద్దు తిరిగినట్టు ఇది తిరుగుతూనే ఉంటుంది. ఎవరైనా ఆపకపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోతుంది.

పూర్వం, కుందేలు ఒళ్ళు నాకటంవల్ల మింగిన వెంట్రుకలు ఉండగట్టి ఈ జబ్బు తెస్తవని అనుకునేవారు. ఆరోగ్యంగా ఉన్న కుందేలు కడుపులో కూడా వెంట్రుకలు ఉంటవి. అవి పెంటికలతో వెళ్ళిపోతవి. పేగు ముందు ఆగిపోయి, లోపలి నీరు ఇంకిపోతే, అప్పుడు అవి ఉండగడతవి. అంటే చాలాసార్లు వెంట్రుకల ఉండ జబ్బుకు కారణం కాదు, జబ్బువల్ల వచ్చింది.

గడ్డి అవసరం కడుపుకే కాదు, పళ్ళకు కూడా. కుందేలుకు 28 పళ్ళు. అవి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటవి. ముందు కుంతకాలు ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా పెరుగుతవి! గడ్డి గంటల తరబడి నమిలితేనే అవి అరిగి సమంగా ఉంటవి. బిస్కత్తు రెండు నములులకు కరిగిపోతుంది. ఇక పళ్ళు అరిగేదెలా?

మనం ఇళ్ళలో పెంచే కుందేళ్ళ పూర్వికులు స్పెయిను, పోర్చుగల్ దేశాలవి. అక్కడి పొడినేలల్లో మొలిచే గడ్డీ గాదం తిని బతికినవి. 1859లో థామస్ ఆస్టిన్ అనే ఆయన ఆస్ట్రేలియాలో సుమారు 24 కుందేళ్ళను వేటకోసమని వదిలిపెట్టాడు. కొన్ని దశాబ్దాలలో అవి కోట్లకు పెరిగి, రైతులకు తీరని బెడద అయినవి. వాటికి అరటిపండు పెట్టిన నాయనమ్మ ఎవరూ లేరు! మరి క్యారెట్టు ఎక్కడిదంటారా? 1940 నుంచి సినిమా బొమ్మల్లో క్యారెట్టు కొరుకుతూ కనపడిన బగ్స్ బన్నీ అనే కుందేలు, ఆ మాట లోకమంతటా పాకటానికి చాలా దోహదం చేసింది. క్యారెట్టు దుంపలో చక్కెర ఎక్కువ. కుందేలుకు అది మిఠాయి కింద లెక్క, భోజనం కాదు. దాని ఆకు మాత్రం మంచిది.

అయితే కుందేలుకు ఏం పెట్టాలి? డాక్టరుగారు చెప్పగా మా మనుమరాలు కాగితంమీద వ్రాసి గోడకు అంటించిన పట్టిక ఇది. మీరూ వ్రాసుకోండి.

1. ఎండుగడ్డి ఎప్పుడూ ఎదుట ఉండాలి. రోజుకు కుందేలు ఒళ్ళంత కుప్ప కావాలి. తినే తిండిలో పదింట ఎనిమిది వంతులు గడ్డే.

2. ఆకులు రోజూ ఒక గుప్పెడు: కొత్తిమీర, పుదీన, ముల్లంగి ఆకు, క్యారెట్టు ఆకు, కొద్దిగా మెంతికూర. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు, అదీ కొంచెమే. కొత్త ఆకు ఏదైనా ఒకసారి ఒకటే పెట్టి, ఒక రోజు ఆగి చూడాలి.

3. అంగట్లో అమ్మే గుళికల మేత కిలో బరువుకు ఒక పెద్ద చెంచా మించకూడదు.

4. పండు వారానికి ఒకటి రెండుసార్లు, బొటనవేలి గోరంత.

5. పొట్ట ఉబ్బే కుందేలుకు క్యాబేజీ, కాలీఫ్లవరు పెట్టవద్దు.

6. అన్నం, రొట్టె, బిస్కత్తు, శనగలు, బెల్లం, ఉల్లి, వెల్లుల్లి ఏ కుందేలుకూ పెట్టకూడదు.

7. మంచినీళ్ళు బరువైన గిన్నెలో ఎప్పుడూ ఉండాలి.

ఈ పట్టిక చదివి, నిన్నటిదాకా బిస్కత్తులు తిన్న కుందేలు తిండిని ఈ ఒక్కరోజులో తారుమారు చేయకండి. ఎండుగడ్డి ఇవాళే పెట్టవచ్చు. తక్కినవి వారం పది రోజులలో మెల్లగా మార్చాలి. సూక్ష్మజీవులకు కూడా కొత్త తిండి అలవాటు కావాలి కదా!

"ఈ ఊళ్ళో గడ్డి ఎక్కడ దొరుకుతుంది?" అంటారా? మేమూ అలాగే అన్నాం. మెట్రో స్తంభాల కింద మొలిచిన గడ్డి పనికిరాదు. దానిమీద పొగా, దుమ్మూ, కుక్కల మురికీ ఉంటవి. పార్కుల్లో యంత్రంతో కోసి పోగువేసిన గడ్డి కూడా వద్దు. అది కొద్ది గంటల్లోనే పులిసిపోతుంది. చలిదేశాల తిమోతీ గడ్డి పొట్లాలలో అమ్ముతారు గాని వెల ఎక్కువ. లూసర్న్ గడ్డి పిల్ల కుందేళ్ళకు మంచిది; పెద్దవాటికి అందులో సున్నం ఎక్కువవుతుంది. చివరకు మాకు తోచింది ఏమిటో తెలుసునా? వినాయకుడికి పూజచేసిన గరిక! చవితినాడు పళ్ళెంలో పచ్చగా గరిక ఉండగానే, మేము దూదికి గుగ్గిళ్ళు పెట్టాం. ఇప్పుడు మా డాబామీద పాత నీళ్ళ తొట్లు నాలుగింటిలో గరిక పెంచుతున్నాం. కొంత పచ్చిది పెడతాం. కొంత నీడలో ఆరబెట్టి దాస్తాం. బూజు పట్టినది ఒక్క పోచ కూడా పెట్టం. అది చాలనప్పుడు బయట కొన్న ఎండుగడ్డి కలుపుతాం.

అన్నట్టు, గరిక మంచిదన్నాను గదా అని చవితి పత్రి అంతా కుందేలు ముందు పోయకండి! ఆ 21 పత్రాలలో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నవి. మూడూ విషమే. పూజ కాగానే పత్రిని కుందేలుకు అందనిచోట ఉంచండి.

ఇక పెద్దలకు ఒక మాట. అడవిలో కుందేలును తినే జంతువులు ఎన్నో ఉన్నవి. బలహీనంగా కనపడినదే ముందు వాటి నోట పడుతుంది. అంచేత కుందేలు ఎంత నొప్పి ఉన్నా పైకి కనపడనీయదు. అది మూలుగుతుందని కాచుకొని కూచుంటే పొద్దుపోతుంది. పెంటికలు తగ్గినా, చిన్నవైనా, ఇష్టమైన ఆకు ముట్టకపోయినా అనుమానించాలి. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది రాత్రయినా, పండుగైనా డాక్టరుకు చూపించాలి. పొట్ట ఉబ్బి బిగిస్తే అంతసేపు కూడా ఆగవద్దు. అప్పుడు బలవంతంగా ఏమీ తినిపించకూడదు. లోపల అడ్డు ఉంటే ప్రమాదం. నాలాగా వాము నీళ్ళతో కాలయాపన చేయవద్దు. ఒళ్ళు చల్లబడితే గుడ్డతో వెచ్చగా చుట్టి బయలుదేరండి. మన మందులపెట్టెలోని మాత్రలు వేయవద్దు. పెనిసిలిను జాతి మందులు నోటిద్వారా ఇస్తే కుందేలు కడుపులోని మంచి సూక్ష్మజీవులు నశించి, ఆ మందే ప్రాణం తీస్తుంది. మా నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది. మీ పేటలో కుందేళ్ళకు వైద్యం చేసేవారు ఎవరో, రాత్రివేళ ఎవరు దొరుకుతారో ముందే తెలుసుకొని ఉంచండి.

ఎండాకాలం మరింత జాగ్రత్త కావాలి. మే నెలలో మన హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుందేలుకు మనలాగా చెమటపట్టదు. ఒంటి వేడి ఎక్కువగా చెవులగుండా పోవాలి. వడకు అది తిండి మానేస్తే మళ్ళీ పాత కథే. నీడా, గాలీ, చల్లని బండా ఉండేట్టు చూడండి.

పిల్లలూ! మీ ఇంట్లో కుందేలు ఉంటే రేపు పొద్దున లేవగానే ఒక పని చేయండి. దాని మూలకు వెళ్ళి పెంటికలు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుందేలు రోజుకు రెండువందలకు పైగా వేస్తుంది. అన్నీ ఒక్క సైజులో, గుండ్రంగా, పొడిగా ఉండి, విరిస్తే లోపల గడ్డిపొడి కనపడాలి. అలా ఉంటే కార్ఖానా చక్కగా నడుస్తున్నట్టు. తగ్గితే వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి. వారు నవ్వితే మళ్ళీ చెప్పండి. అప్పటికీ వినకపోతే ఈ పేజీ చూపించండి.

మా మనుమరాలు ఒక నోటుబుక్కు పెట్టి, రోజూ సాయంత్రం "బాగున్నవి" అనో, "తక్కువ" అనో ఒక్క మాట వ్రాస్తుంది. రాత్రి భోజనమయ్యాక దానికింద సంతకం పెట్టటం నా పని. నిన్న ఆలస్యమై సంతకం మరిచిపోయి పడుకుంటే, నిద్రలేపి మరీ పెట్టించింది. ఈ సంవత్సరం చవితికి దూది పళ్ళెంలో ఏం వడ్డించాలో అప్పుడే నిర్ణయం కూడా చేసేసింది: గరిక, గరికమీద రెండు రెమ్మల కొత్తిమీర.